పడుటలోని విద్య, లేచుటలోని నవ్వు

“నవ్వు నాలుగు విధాల చేటు” అని మన పెద్దలు ఒక సామెత చెప్పి ఊరుకున్నారు. కాని నాట్యశాస్త్రం రచించిన భరతముని నవ్వును అంత తేలికగా తోసిపుచ్చలేదు. ఎనిమిది రసాలను లెక్కించినప్పుడు శృంగారం తరువాతి స్థానాన్ని హాస్యానికే ఇచ్చాడు. నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆరు విధాలుగా విభజించాడు. వాటిలో మొదటి రెండూ ఉత్తములకు, నడిమి రెండూ మధ్యములకు, చివరి రెండూ అధములకు చెందుతాయని నిర్ణయించాడు. పెదవి కదిలీ కదలకుండా నవ్వేవాడు ఉత్తముడు. కన్నీరు కారుతుండగా, పక్కలు రెండు చేతులతో అదిమిపట్టుకొని, బిగ్గరగా నవ్వేవాడు అధముడు. ఈ విభజనను తరగతిలో బోధించిన ప్రతిసారీ నాకొక సందేహం పీడిస్తూ ఉంటుంది. మనిషిని పక్కలు పట్టుకొని నవ్వేటట్లు చేయగల కళాకారుడు కూడా అధముడేనా? ఆ నవ్వులో బుద్ధికి అందే విషయం ఏమీ ఉండదా?

ఈ సందేహానికి సమాధానం వెతుకుతూ నేను చేరుకున్న చోటు వింటే పాఠకులు కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. అది ఏ కావ్యమూ కాదు, ఏ ప్రహసనమూ కాదు. కుంగ్ ఫూ విద్యనూ, ఆటపోటీనీ, పడిలేచే హాస్యాన్నీ కలగలిపి ఆసియా దేశాలవారు నిర్మించిన కొన్ని చలనచిత్రాలు. తెలుగు సాహిత్యం చెప్పుకొనే అధ్యాపకునికి ఈ గాలిలో గంతులు వేసే బొమ్మలతో ఏమి పని అని మా మిత్రులు పరిహసించారు. కళాశాల పాలకవర్గంలోని ఒక పెద్దలు, “వీటివల్ల విద్యార్థికి ఒనగూడే ప్రయోజనం ఏమిటండీ?” అని మృదువుగానే ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను సమర్పించుకొనే విన్నపం.

ముందుగా ఈ చిత్రాల పుట్టుక కొంత తెలుసుకోవాలి. హాంకాంగ్ చిత్రసీమను ప్రపంచానికి పరిచయం చేసిన బ్రూస్ లీ 1973 జూలై 20న అకాల మరణం చెందాడు. అతని నాయకుడు ఆగ్రహమూర్తి. అవమానాన్ని సహించడు, దెబ్బ తినడు, తిన్నా చలించడు. భరతుని పరిభాషలో చెప్పాలంటే వీర రౌద్రాల కలయిక. ఆయన తరువాత అదే అచ్చులో అనేకులను పోతపోయాలని నిర్మాతలు ప్రయత్నించారు. ఆ ప్రయత్నాలు ఫలించలేదు. అప్పుడు 1978లో జాకీ చాన్ అనే యువకుడు ‘డ్రంకెన్ మాస్టర్’ అనే చిత్రంలో పూర్తిగా వేరొక నాయకుణ్ణి తీసుకువచ్చాడు. ఇతడు సోమరి, అల్లరివాడు. దెబ్బ తగిలితే “అబ్బా” అంటాడు. చేయి నొప్పి పుడితే విదుల్చుకుంటాడు. బలవంతుడు ఎదురైతే పారిపోతాడు. ముసలి గురువు పెట్టే బాధలు భరించలేక ఏడుస్తాడు. కాని చివరకు నేర్చుకుంటాడు. బ్రూస్ లీని చూసినప్పుడు ప్రేక్షకుడు “ఇతనివలె నేను ఎన్నటికీ కాలేను” అని చేతులు జోడిస్తాడు. జాకీ చాన్‌ను చూసినప్పుడు “ఇతడు మావాడే” అని భుజం తడతాడు. వీరుణ్ణి పీఠం మీదినుంచి దించి మన పక్కన కూర్చోబెట్టినది హాస్యమే.

ఈ నవ్వు వెనుక ఎంత కఠోరమైన సాధన ఉన్నదో చాలామందికి తెలియదు. జాకీ చాన్, సామో హంగ్, యువెన్ బియావో ముగ్గురూ బాల్యంలో హాంకాంగులోని ఒకే నాటక విద్యాలయంలో పెరిగారు. అది పెకింగ్ సంగీత నాటకాన్ని నేర్పే గురుకులం. యు జిమ్ యువెన్ అనే గురువు దానికి అధిపతి. పాట, అభినయం, దొమ్మరిగంతులు, కత్తిసాము అన్నీ అక్కడ పసివయసులోనే అభ్యసించాలి. తప్పితే బెత్తం దెబ్బలు. మన వీథి భాగవతులు, యక్షగాన కళాకారులు ఎలా తయారయ్యేవారో తెలిసినవారికి ఇది పరాయి కథ అనిపించదు. కాలక్రమాన ఆ నాటకాలకు ఆదరణ తగ్గింది. నేర్చిన విద్యకు వేదిక లేకుండా పోయింది. ఆ పిల్లలు చిత్రసీమలో దెబ్బలు తినే చిల్లర వేషాలకు కుదిరి, అక్కడినుంచి పైకి వచ్చారు. చచ్చిపోతున్న ఒక కళ తన ప్రాణాన్ని మరొక కళలోకి పంపుకున్నదని చెప్పవచ్చు. పరకాయ ప్రవేశం వంటిదది.

ఆ గురుకులంలోనే కాదు, దేహంతో చేసే ఏ విద్యలోనైనా తొలిపాఠాలలో ఒకటి పడటం. జపానులో జిగోరో కానో 1882లో స్థాపించిన జూడో విద్యలో ప్రత్యర్థిని పడగొట్టడానికి ముందే, దెబ్బ తగలకుండా తాను పడటం నేర్పుతారు. ఇది ఆలోచింపదగిన విషయం. మన పాఠశాలలలో గెలవడం నేర్పుతాము. ఓడిపోయినప్పుడు ఎముక విరగకుండా ఎలా పడాలో నేర్పము. పరీక్షా ఫలితాలు వెలువడే ప్రతి వేసవిలోను వార్తాపత్రికలలో మనం చదివే విషాదాలకు ఈ లోపం కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది. 1983లో విడుదలైన ‘ప్రాజెక్ట్ ఏ’ చిత్రంలో జాకీ చాన్ గడియార స్తంభం మీదినుంచి గుడ్డ పందిళ్ళను చించుకుంటూ నేలమీద పడతాడు. అమెరికా మూకీ చిత్రాలలో 1923లోనే గడియారపు ముల్లు పట్టుకొని వ్రేలాడిన హెరాల్డ్ లాయిడ్‌కు అది ఒక నమస్కారం. 1982 నాటి ‘డ్రాగన్ లార్డ్’ మొదలుకొని తన చిత్రాల చివర, తీయబోయి తప్పిపోయిన దృశ్యాలను, తగిలిన దెబ్బలను కూడా చూపించడం అతడు అలవాటు చేసుకున్నాడు. విజయం వెనుక ఎన్నిసార్లు పడ్డాడో దాచుకోకుండా చూపిన నటుణ్ణి నేను గౌరవిస్తాను.

ఆ ‘డ్రాగన్ లార్డ్’లోనే ఆట ప్రవేశించింది. ఈకలు గుచ్చిన బిళ్ళను నేలమీద పడనీయకుండా కాలితో ఎగురవేసే చైనావారి పాత ఆటను అందులో రెండు జట్లు పోటీగా ఆడతాయి. 1983లో యువెన్ బియావో ‘ది చాంపియన్స్’ అనే చిత్రంలో కుంగ్ ఫూను ఫుట్‌బాల్ మైదానానికి తీసుకువెళ్ళాడు. ఆట ఎందుకు ప్రవేశించింది? నాకు తోచిన కారణం ఇది. పోరాటానికి ఒక శత్రువు కావాలి. శత్రువు చావాలి, లేదా నేలకూలాలి. అక్కడ నవ్వుకు చోటు తక్కువ. ఆటలో దెబ్బ తినేది బంతి. ప్రత్యర్థి ఉంటాడు కాని అతడు వైరి కానక్కరలేదు. నియమాలు ఉంటాయి, కాలపరిమితి ఉంటుంది, ఈల ఊదగానే అంతా ముగుస్తుంది. హింసకు ఉపయోగపడే శక్తినంతటినీ ఆట ఒక తోలుబంతిలోకి మళ్ళిస్తుంది. వీరరసం నుంచి అద్భుతరసం పుడుతుందని భరతుడు చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

ఈ కోవలో మకుటాయమానమైనది 2001లో స్టీఫెన్ చౌ దర్శకత్వం వహించి తానే నాయకుడుగా నటించిన ‘షావోలిన్ సాకర్’. స్టీఫెన్ చౌ 1962లో జన్మించాడు. బ్రూస్ లీని ఆరాధిస్తూ పెరిగాడు. బాలల టెలివిజన్ కార్యక్రమ నిర్వాహకుడుగా వృత్తిలో అడుగుపెట్టి, పొంతన లేని మాటలతో, అర్థంపర్థం లేని చేష్టలతో నవ్వు పుట్టించే ఒక పద్ధతికి అధినాయకుడయ్యాడు. ఆ పద్ధతికి కాంటనీస్ భాషలో ‘మో లే తావ్’ అని పేరు. ఈ చిత్రం 2002 హాంకాంగ్ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ చిత్రంగా, ఉత్తమ దర్శకత్వానికి, ఉత్తమ నటునికి కూడా బహుమతులు పొందింది. పక్కలు పట్టుకొని నవ్వించే చిత్రాన్ని ఉత్తమ చిత్రంగా విజ్ఞులు అంగీకరించడం ఏ దేశంలోనూ తరచుగా జరిగే విషయం కాదు.

కథ సంక్షిప్తంగా ఇది. ఫంగ్ ఒకనాటి గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు. స్వర్ణపాదుడని పేరు. లంచం తీసుకొని గోలు తప్పించాడు. కోపించిన జనం అతని కాలు విరగగొట్టారు. ఇరవై ఏళ్ళ తరువాత, ఆ లంచం ఇప్పించినవాని దగ్గరే అతడు కుంటుకుంటూ ఊడిగం చేస్తున్నాడు. అక్కడినుంచి కూడా వెళ్ళగొట్టబడిన రోజున వీథిలో అతనికి సింగ్ అనే యువకుడు తారసపడతాడు. సింగ్ చెత్త ఏరుకొని బ్రతుకుతున్నాడు. చినిగిన బూట్లు, ఖాళీ జేబులు. కాని షావోలిన్ విద్య నేర్చినవాడు. అతడు తన్నిన డబ్బా ఎక్కడో ఉన్న గోడలో దిగబడిపోతుంది. ఇతని సహాధ్యాయులైన అన్నదమ్ములందరూ గురువు పోయిన తరువాత చెల్లాచెదురైనారు. ఉక్కుతల విద్య నేర్చిన పెద్దన్న ఒక రాత్రివినోదశాలలో చాకిరీ చేస్తున్నాడు. గాలిలో తేలే విద్య నేర్చిన చిన్నతమ్ముడు తిండిని అదుపు చేసుకోలేక కొండవలె పెరిగిపోయాడు. నేర్చిన విద్య పనికిరాదని తీర్మానించుకొని ఎవరికి వారు బ్రతుకు బండి లాగుతున్నారు. వీరందరినీ కూడగట్టి ఫంగ్ ఒక ఫుట్‌బాల్ జట్టు తయారు చేయడమే ఇతివృత్తం. వీధిలో ఆవిరి రొట్టెలు చేసి అమ్మే ముయి అనే యువతి పిండి పిసకడంలోనే తాయ్ చీ విద్యను ప్రదర్శిస్తుంది. ముఖం నిండా మచ్చలు ఉన్నాయని జుట్టుతో కప్పుకొని తిరిగే ఆ అమ్మాయి సింగ్ బూట్లను కుట్టి బాగుచేస్తుంది. ఆ కుట్టిన బూట్ల దృశ్యం వద్ద నవ్వుతున్నవారి గొంతు ఒక్క క్షణం పూడుకుపోతుంది.

ఇందులో నన్ను అన్నిటికంటె ఆకర్షించినది అరటితొక్క. తొక్క మీద కాలు వేసి జారిపడటం ప్రపంచంలోని అతి పురాతనమైన చవకబారు హాస్యం. చిత్రం ఆరంభంలో ఒక స్త్రీ అలాగే జారి పడుతుంది. “కుంగ్ ఫూ తెలిసి ఉంటే పడేది కాదు కదా!” అని సింగ్ విచారిస్తాడు. అతని కోరిక రాజ్యాలను గెలవడం కాదు. తన విద్య సామాన్యుల నిత్యజీవితానికి ఉపయోగపడాలి, అంతే. చిత్రం చివర ఆ కోరిక తీరుతుంది. అరటితొక్క మీద జారిన స్త్రీ గాలిలో గిరికీ కొట్టి చక్కగా నిలబడి తన దారిన పోతుంది. ప్రేక్షకులు ఫక్కున నవ్వుతారు. కాని ఆ నవ్వులో ఒక స్వప్నం ఉన్నది. పేదవాడు జారిపడని లోకం కావాలనే స్వప్నం.

గత విద్యాసంవత్సరం చివర మన కళాశాలలో ఈ చిత్రాన్ని ప్రదర్శించాము. మన సభామందిరంలో ఉర్దూ మాధ్యమంవారు ఒక పక్క, తెలుగు మాధ్యమంవారు ఒక పక్క కూర్చోవడం ఎవరూ నిర్ణయించని ఆచారం. ఉపన్యాసం ఏ భాషలో ఉంటే ఆ పక్క చప్పట్లు, రెండవ పక్క ఆవలింతలు. ఆనాడు తెరమీది మాటలు కాంటనీస్ భాషలో ఉన్నాయి. ఎవరికీ అర్థం కావు. కింద పరుగెత్తే ఆంగ్లాక్షరాలను చదివే ఓపిక ఎవరికీ లేదు. అయినా పెద్దన్న తలమీద సీసా పగిలినప్పుడు రెండు పక్కలా ఒకేసారి నవ్వు లేచింది. ఒక పక్క ముందు, ఒక పక్క తరువాత కాదు. పడటానికి అనువాదం అక్కరలేదు. ఆ ఏడాదిలో మా సభామందిరం ఒకే శ్వాస పీల్చినది ఆ రెండు గంటలే.

ప్రదర్శన ముగిసిన మరునాడు ఒక విద్యార్థి నన్ను వరండాలో ఆపాడు. తెలివైనవాడు, మితభాషి. వారి తాతగారు తాలీంఖానా ఉస్తాదు. కర్ర, కత్తి, బాణా త్రిప్పడంలో ఆ చుట్టుపక్కల పేరుపొందినవారు. పండుగ ఊరేగింపులలో ఆయన శిష్యులు ముందు నడిచేవారు. ఇప్పుడు తాలీంఖానా ఉన్న స్థలంలో దుకాణాలు వెలిశాయి. కర్రలు అటక మీదకు చేరాయి. తండ్రి ఆటో నడుపుతాడు. ఈ కుర్రవానికి తాతగారు చిన్ననాట కొంత సాము నేర్పారు. ఆ సంగతి తోటి విద్యార్థులకు అతడు ఎన్నడూ చెప్పలేదు. “సార్, ఆ బొమ్మలో అన్నదమ్ములు తమ విద్య సంగతి బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు కదా. వాళ్ళకు ఆ సిగ్గు ఎప్పుడు పోయింది?” అని అడిగాడు.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. చిత్రాన్ని మళ్ళీ మనసులో తిప్పి చూసుకున్నాను. తొలి ఆటలో ప్రత్యర్థులు సుత్తులు, పనిముట్లు దాచుకొని వచ్చి ఆ అన్నదమ్ములను చావచితక కొడతారు. నేలమీద పొర్లించి, నవ్వి, అవమానిస్తారు. ఇక పడటానికి ఏమీ మిగలని ఆ స్థితిలోనే మరచిపోయిన విద్య ఒక్కొక్కరి దేహంలోను మేలుకుంటుంది. అంటే గెలిచిన తరువాత సిగ్గు పోలేదు. అందరూ కలిసి పడిన చోట పోయింది. ఒంటరిగా ఉన్నంతకాలం ఎవరి విద్య వారికి బరువు. పదిమంది కలిసి ఒక ఆట ఆడినప్పుడు అదే బలం. ఆ విద్యార్థికి నేను చెప్పిన మాట ఇదే. అతడు తల ఊపి వెళ్ళిపోయాడు. అటక మీది కర్రలు క్రిందికి దిగాయో లేదో నేను అడగలేదు. అది అతడు తేల్చుకోవలసిన విషయం.

ఇట్టి ఆలోచన హాంకాంగుకే పరిమితం కాదు. జపానులో మసయుకి సువో 1992లో తీసిన ‘షికో ఫుంజట్టా’ అనే చిత్రంలో, పట్టా పుచ్చుకోవడానికి అర్హత చాలని ఒక విద్యార్థిని ఆచార్యుడు బలవంతంగా విశ్వవిద్యాలయ సుమో జట్టులో చేర్పిస్తాడు. గోచీ కట్టుకోవడానికి సిగ్గుపడినవాడు క్రమంగా ఆ పురాతన మల్లక్రీడలోని గౌరవాన్ని గ్రహిస్తాడు. కొరియాలో కిమ్ జీ వూన్ 2000లో తీసిన ‘ది ఫౌల్ కింగ్’లో పై అధికారి మెడ పట్టుకొని బిగిస్తుంటే విడిపించుకోలేని ఒక బ్యాంకు గుమాస్తా, ముసుగు ధరించిన మల్లుడుగా రెండవ జీవితం ప్రారంభిస్తాడు. మూడు దేశాలు, మూడు ఆటలు. కాని మనిషి ఒక్కడే. ఆధునిక నగరం పక్కకు నెట్టిన మనిషి. తన దేహం తనదేనని తిరిగి కనుగొనే మనిషి.

ఈ చిత్రాలలో దోషాలు లేవని నేను వాదించబోవడం లేదు. లావుగా ఉన్నవానిని, ముఖాన మచ్చలున్న యువతిని చూపి నవ్వు రాబట్టుకోవడం ‘షావోలిన్ సాకర్’కు మచ్చ. పడినవానిని చూసి నవ్వడం వేరు, పడటాన్ని చూసి నవ్వడం వేరు. మొదటిది క్రౌర్యం, రెండవది సానుభూతి. ఈ రెంటి మధ్య గీత సన్నగా ఉంటుంది. ఈ చిత్రాలు అప్పుడప్పుడు ఆ గీతను దాటుతాయి. అయితే ఆ లావుపాటి తమ్ముడే ఆటలో గాలిలోకి ఎగురుతాడు. ఆ మచ్చల ముఖపు అమ్మాయే చివరి ఆటలో తల గొరిగించుకొని వచ్చి గోలు కాపాడుతుంది. ఎవరిని చూసి నవ్వామో వారి చేతనే మనల్ని గెలిపింపజేసి, మన నవ్వును మనకే అప్పగిస్తాడు దర్శకుడు. ఇక బంతి నిప్పుబంతిగా మారడం, గోలుస్తంభాలు ఎగిరిపోవడం అతిశయోక్తి కాదా అంటే, అతిశయోక్తి మన ఆలంకారికులు అంగీకరించిన అలంకారమే. హనుమంతుడు సముద్రం దాటితే ఆనందించిన మనకు బంతి మైదానం దాటితే ఆక్షేపణ ఎందుకు?

కుంటివాడైన గురువు, గతిలేని శిష్యులు అన్నది కల్పితకథకే సాధ్యమనుకొనేవారికి మన రాష్ట్రాల చరిత్రనుంచి ఒక్క మాట జ్ఞాపకం చేస్తాను. హైదరాబాదు నగరంలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానం పొందింది. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల అంతిమ పోటీలో దక్షిణ కొరియాను 2–1 గోళ్ళతో ఓడించి స్వర్ణపతకం తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1963లో, క్యాన్సర్ వ్యాధితో ఆయన కన్నుమూశారు. ఆ మహనీయునికి ఏ మాయావిద్యలూ లేవు. ఉన్నవి నల్లబల్ల ముందు అలవడిన ఓర్పు, పేద ఇండ్ల పిల్లల కాళ్ళలో దాగిన విద్యను కనిపెట్టగల చూపు. తెరమీద నవ్వుతూ చూసినది మన మైదానాలలో చెమటోడ్చి జరిగింది.

కనుక పాలకవర్గం పెద్దల ప్రశ్నకు నా సమాధానం ఇది. ఈ చిత్రాలు విద్యార్థికి కుంగ్ ఫూ నేర్పవు, నేర్పనక్కరలేదు. పడటం అవమానం కాదని నేర్పుతాయి. పరాయి భాషవాని పక్కన కూర్చొని ఒకే విషయానికి నవ్వడం నేర్పుతాయి. ఇంటినుంచి తెచ్చుకున్న విద్య, అది కర్రసాము కానీ, కుట్టుపని కానీ, గజల్ పాడటం కానీ, బుర్రకథ చెప్పడం కానీ, దాచుకోవలసిన మూట కాదని నేర్పుతాయి. విద్యార్థి సోదర సోదరీమణులారా! మీలో ఎవరికి ఏ విద్య వచ్చునో మీ పక్క బల్లవానికైనా తెలుసునా? ఈ ఏడాది కళాశాల వార్షికోత్సవానికి ఇంకా వ్యవధి ఉన్నది. మైదానం ఖాళీగానే ఉన్నది. పడితే నవ్వుతారేమో అనే భయం వద్దు. నవ్వుతారు, తప్పకుండా నవ్వుతారు. లేచి మీరు కూడా వారితో కలిసి నవ్వండి. ఆ నవ్వును అధమమని వర్గీకరించినందుకు భరతమునికి మనమందరమూ కలిసి సవినయంగా ఒక విజ్ఞప్తి పంపుకుందాము.